గర్భసంచి మేడం

మా గర్భసంచి మేడం పోయారు.

పేరు చెప్పను. అమ్మానాన్నలు పెట్టిన మంచి పేరే ఉంది ఆవిడకి. బళ్ళోనూ చర్చిలోనూ ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. కానీ తిరువూరు బస్టాండులో దిగి ఆ పేరు చెప్పి ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. గర్భసంచి మేడం ఇల్లంటే మాత్రం ఆటో అబ్బాయి నవ్వు ఆపుకుంటూ తీసుకెళ్ళి గుమ్మం ముందు దింపుతాడు.

ఆ పేరు పెట్టింది మగపిల్లలు. ఎగతాళికే పెట్టారు. ఒకడు సైకిలు మీద పోతూ వీధి చివర్నుంచి "గర్భసంచి మేడం!" అని అరిచి పారిపోబోతే, ఆవిడ అక్కడే నిలబడి గట్టిగా పిలిచారు. "ఒరేయ్ ఆగు! అవున్రా, గర్భసంచే. నువ్వు తొమ్మిది నెలలు కాపురమున్న ఇల్లది. మళ్ళీ అను, సిగ్గుపడకుండా అను." వాడు వెనక్కి చూస్తూ తొక్కి సైకిలుతో సహా కాలవలో పడ్డాడు. ఆ తర్వాత ఎవరైనా కొత్తవాళ్ళు పరిచయమైతే ఆవిడే చెప్పేవారు, "నన్ను ఈ ఊళ్ళో గర్భసంచి మేడం అంటారండీ" అని. ఇంకెవరు ఏడిపిస్తారు?

పోయిన నెల ఆవిడ ఆదరణ కూడికకి, అదే చర్చివాళ్ళు పెట్టే సంతాప సభకి, వెళ్ళాను. వాళ్ళ వీధిలోనే షామియానా వేశారు. రిటైరైన హెడ్మాస్టరు గారొకాయన మైకు పట్టుకుని, "ఆ తల్లికి కడుపు పండకపోయినా, ఈ ఊరి పిల్లలంతా ఆవిడ పిల్లలే" అని గొంతు బొంగురు చేసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఛీ, బతికున్నన్నాళ్ళూ ఆవిడకి ఏ మాటంటే కంపరమో, సరిగ్గా ఆ మాటే అనాలా ఈయన? ముందు వరసలో మేడం భర్త కూచుని ఉన్నాడు. ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. ఆయన మెల్లగా లేచి మైకు అడిగి తీసుకున్నాడు. "ఆ మాట ఆవిడకి నచ్చదండీ. 'మాకు పిల్లల్లేరు. స్టూడెంట్లున్నారు. అది చాలు' అనేది" అని చెప్పి మైకు తిరిగిచ్చి కూచున్నాడు. చప్పట్లు కొట్టే చోటు కాదు కాబట్టి ఊరుకున్నాను.

నిజంగానే అలా అనేవారు. పెళ్ళయి పోతున్న ఆడపిల్ల ఎవరన్నా కళ్ళనీళ్ళు పెట్టుకుని "మీరు మా అమ్మలాంటోళ్ళు మేడం" అంటే చాలు. "మీ అమ్మ ఇంట్లో ఉందిగా? ఆవిడ వింటే బాధపడుతుంది. నేను టీచర్నే. అదేమన్నా తక్కువ ఉద్యోగమా?" పిల్లలెందుకు లేరు మేడం, లోపం ఎవరిది అని కొందరు మొహమాటం లేకుండా అడిగేసేవాళ్ళు. "మా ఇద్దరికీ తెలుసు. మూడో మనిషికి అది సిలబస్‌లో లేదు" అనేవారు. అంతటితో ఆ మాట అయిపోయేది.

పదో తరగతిలో ఆ పాఠం ఉంది కదా, ప్రత్యుత్పత్తి. మిగతా బళ్ళల్లో ఆ పాఠం రాగానే "ఇది మీరే ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవాళ్ళట. ఇంటి దగ్గర ఎవరు చెప్తారు, మా నాయనమ్మా? అడిగితే వీపు విమానం మోత మోగించేది. మా మేడం ఆ రోజు వస్తూనే చేసే మొదటి పని, తలుపులూ కిటికీలూ బార్లా తీయించడం. "తీయండమ్మా తీయండి. మనమేం దొంగసారా కాయట్లేదు ఇక్కడ." తర్వాత మాటలన్నీ మా చేత ఎక్కాలు చెప్పించినట్టు గట్టిగా చెప్పించేవారు. గర్భాశయం! అండాశయం! వృషణం! వీర్యకణం! మొదట ఆడపిల్లలం బల్ల కింద తలలు దాచుకున్నాం, మగపిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. ఆవిడ వదిలితేనా. గొంతులు బొంగురుపోయేదాకా చెప్పించారు. అప్పటికి సిగ్గు అరిగిపోయి మాటలే మిగిలాయి.

హెడ్మాస్టరు గారు పరిగెత్తుకొచ్చారు. "ఏంటమ్మా ఈ గోల? రోడ్డు మీదకి వినపడుతోంది!"

"వినపడాలనే సార్. రోడ్డు మీద వాళ్ళూ అక్కడ్నుంచి వచ్చినవాళ్ళేగా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని వెళ్ళిపోయారు.

బోర్డు మీద బొమ్మ వేస్తే వెనక బెంచీ వాళ్ళకి కనపడదని ఆవిడే బొమ్మైపోయేవారు. అదీ ఆవిడ పద్ధతి. కొంగు నడుముకి దోపి, రెండు చేతులూ పక్కలకి బార చాపి, పిడికిళ్ళు బిగించి నిలబడేవారు. "ఇదిగో, ఈ ఒళ్ళు గర్భసంచి. ఈ చేతులు ఫాలోపియన్ నాళాలు. ఈ పిడికిళ్ళు అండాశయాలు. ఈ నెల ఈ పిడికిలి వంతు." కుడి పిడికిలి విప్పితే అందులో సుద్దముక్క ఉండేది. "ఇదీ అండం. నెలకొక్కటి." దాన్ని రెండో చేత్తో పట్టుకుని మోచేతి మీదుగా భుజం వైపు మెల్లగా నడిపించేవారు. "దారిలో వీర్యకణం కలిసిందా, పిండం. వచ్చి ఈ సంచి గోడకి అంటుకుంటుంది. కలవలేదా, బిడ్డ కోసం లోపల వేసుకున్న మెత్తటి పొర ఊడి, రక్తంతో బయటికొచ్చేస్తుంది. దాన్నే మీ ఇళ్ళల్లో ముట్టు అని మూల కూచోబెడతారు. ఎందుకే తల దించుకుంటావు? అది రాకపోతే కదా మీ అమ్మ కంగారు పడేది!"

మగపిల్లలు కిసుక్కున నవ్వితే వాళ్ళ మీద పడేవారు. "నవ్వండి నవ్వండి. కోట్ల కణాలు బయల్దేరితే ఒక్కటి చేరింది, నువ్వు పుట్టావు. అంత పందెం గెలిచినోడివి, హోంవర్కు చెయ్యడానికి ఏమొచ్చిందిరా?"

ఇక ఆడపిల్ల పుడితే తల్లిని తిట్టే ఇళ్ళ సంగతి. ఆ మాటొస్తే ఆవిడ మొహం ఎర్రబడేది. "ఆడదాని దగ్గర ఉన్నది ఎక్స్ ఒక్కటే. వై తేవాల్సింది మగాడు. లేని సరుకు ఈవిడ ఎక్కడ్నుంచి తెస్తుంది? మీ నాన్నలకి చెప్పండి వెళ్ళి. నా పేరు చెప్పండి." మా క్లాసులో ఒకమ్మాయి నిజంగానే వెళ్ళి చెప్పింది. వాళ్ళ నాన్న మర్నాడు బడికొచ్చి గొడవపడ్డాడు. మేడం ఆయన్ని ముందు బెంచీలో కూచోబెట్టి చేతులు చాపి పాఠం మొత్తం మళ్ళీ చెప్పారు. ఆయన వెళ్తూ వెళ్తూ దణ్ణం పెట్టాడు గానీ, పాఠానికో, వదిలిపెట్టినందుకో మాకు తెలీలేదు.

సీమంతాలకి పిలిచినా పిలవకపోయినా వెళ్ళేవారు, తన దగ్గర చదువుకున్న పిల్లయితే చాలు. మా వైపు గాజులేసేటప్పుడు పిల్లల్లేనివాళ్ళని వెనక్కి ఉంచుతారు. పైకి ఎవరూ అనరు. "నువ్వు కాస్త భోజనాల సంగతి చూడమ్మా" అంటారు, అంతే. ఆ మాట అర్థం కానిది ఎవరికి? మేడాన్నీ అలాగే అన్నారు. "భోజనాలు మగాళ్ళు చూస్తార్లెండి" అని ఆవిడ తిన్నగా కుర్చీ దగ్గరికి నడిచి, గాజులేసి, ఆ పిల్ల కంటి కింది రెప్ప బొటనవేలితో లాగి చూసేవారు. "పాలిపోయి ఉంది. రక్తం లేదు దీనికి. పిండివంటలు తర్వాత, ముందు ఐరన్ బిళ్ళలు మింగుతోందో లేదో చూడండి." ఫొటోలో అందరూ నవ్వుతుంటే ఈవిడ మాత్రం పిల్ల కన్ను లాగుతూ పడేవారు. తిరువూరులో ఎన్ని ఆల్బముల్లో ఉంటుందో ఆ ఫొటో!

ఇక నా సంగతి.

నన్ను వినగడప ఊరికిచ్చారు. మామయ్యకి పాడి ఉంది, మంచి గేదెలు. పెళ్ళయి కొన్నేళ్ళు గడిచినా కడుపు రాలేదు. డాక్టరమ్మకి చూపించారు, నాకన్నీ బాగానే ఉన్నాయంది. అయినా అత్తయ్య నన్ను నెమలి ఊరు పంపి అక్కడి వేణుగోపాలస్వామి గుడి చుట్టూ ప్రదక్షిణాలు చేయించేది. స్వామి మీద నాకేం కోపం లేదు, నడవడానికీ ఓపికుంది. కానీ ఒక రోజు పెరట్లో అత్తయ్య, మామయ్య మాట్లాడుకోవడం విన్నాను. నన్ను పుట్టింటికి పంపేసి అబ్బాయికి వేరే సంబంధం చూద్దామని. అప్పటికే పిల్లని కూడా చూసి పెట్టుకున్నారట.

ఆ వారం తిరువూరు బస్టాండులో బెంచీ మీద కూచుని ఏడుస్తుంటే మేడం కంటబడ్డాను. సంగతంతా విన్నారు.

"నీకు టెస్టులు చేశారు. అతనికి?"

"ఆయనకెందుకు మేడం?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "టెన్త్‌లో నా దగ్గర చదివింది నువ్వేనా?" అని, నా చెయ్యి పట్టుకుని లేపి నాతో పాటే బస్సెక్కారు. ఆ బస్సుకి కండక్టరు ఆవిడ భర్తే. మమ్మల్నిద్దర్నీ చూసి, "పాఠమా?" అన్నాడు. "పాఠమే" అన్నారావిడ.  వద్దు మేడం, గొడవలైపోతాయి మేడం అని దారంతా బతిమాలాను. "అయిపోయినదానికంటే గొడవేముందే?" అన్నారు.

మేం వెళ్ళేసరికి మామయ్య గేదెని కడుగుతున్నాడు, అత్తయ్య వసారాలో కూచుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. మా ఆయన అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. మేడం మజ్జిగ తీసుకున్నారు. నా ఊసే ఎత్తలేదు. గేదె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

"మంచి గేదె అండీ. ఎన్నో ఈత?"

మామయ్య పొంగిపోయాడు. "రెండోదమ్మా."

"ఎదకొచ్చి చూడి కట్టకపోతే ఏం చేస్తారండీ?"

"సూది వేయిస్తాం."

"అదీ నిలవకపోతే?"

"దున్న దగ్గరికి తోలతాం."

"అక్కడా నిలవకపోతే?"

"ఇంకో దున్న దగ్గరికి తోలతాం. పెనుగొలనులో ఒక దున్న ఉంది, దాని దగ్గరికెళ్ళి నిలవని గేదె లేదు."

"అన్ని తిప్పలెందుకండీ? గేదెని అమ్మేసి ఇంకోటి తెచ్చుకోవచ్చుగా?"

"భలేదానివమ్మా! లోపం దున్నలో ఉందేమో చూసుకోకుండా గేదెనెట్టా అమ్ముతాం?"

మేడం గ్లాసు కింద పెట్టారు. "మరి కోడల్ని ఎట్టా పంపుతారండీ?"

మామయ్య చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. అత్తయ్య చిక్కుళ్ళ చేట పక్కకి నెట్టి లేచింది. "మా వాణ్ణి దున్నతో పోలుస్తావా? ఎవరివమ్మా నువ్వు?"

"మీ కోడల్ని గేదెకంటే కింద లెక్కేసింది మీరేనమ్మా. గేదెకి మాత్రం న్యాయం ఉంది మీ ఇంట్లో." గొంతు పెంచలేదు. కొంగు నడుముకి దోపారు. నాకు తెలుసు ఏం చేయబోతున్నారో. ఆ వాకిట్లో, ఆ పేడ కళ్ళాపి మీద, చేతులు బార చాపి నిలబడ్డారు. పాఠం మొత్తం చెప్పారు. సగం ఆడదానిది, సగం మగవాడిది, వీర్యకణాలు తక్కువున్నా, కదలిక లేకపోయినా బిడ్డ నిలవదని, అది మగతనానికి సంబంధించింది కాదని, జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకున్నట్టే ఇదీ ఒక పరీక్షేనని. చివర్న మా ఆయన వైపు తిరిగారు. "నీకు చూపు తగ్గితే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళవూ? ఇదీ అంతే బాబూ."

అత్తయ్య ఆవిణ్ణి వాకిట్లోంచి పొమ్మంది. ఆవిడ వెళ్తూ మజ్జిగ బాగుందని చెప్పి మరీ వెళ్ళారు.

మా ఆయన కొన్నాళ్ళకి ఎవరికీ చెప్పకుండా విజయవాడ వెళ్ళి పరీక్ష చేయించుకొచ్చాడు. గేదెల పాక దగ్గర నిలబడి, "నాదేనంట" అన్నాడు. తర్వాత, "ఎవరికీ చెప్పకు" అన్నాడు. వాళ్ళమ్మకీ నాన్నకీ మాత్రం తనే చెప్పాడు. రెండో పెళ్ళి మాట ఆ రోజుతో ఆగింది. మందులు వాడాం, ఆస్పత్రుల చుట్టూ తిరిగాం, ఫలితం లేకపోయింది, ఆపేశాం. తిరువూరు వచ్చి మధిర రోడ్డులో నేను టైలరింగ్ షాపు పెట్టుకున్నాను. ఇంట్లో అంతా తెలిసినా వీధిలో గొడ్రాలిని మాత్రం నేనే. మా ఆయనంటే నాకు ప్రాణం, అందుకే పడ్డాను. మేడంతో ఆ సంగతి చెప్తే, "దాచుకోవడం మీ ఇద్దరి ఇష్టం. ప్రేమతో మోస్తానంటే మొయ్యి. భయంతో మాత్రం మొయ్యకు" అన్నారు.

మొన్న ఆదివారం మా ఆడపడుచు కూతురి సీమంతం. తిరువూరులోనే, ఫంక్షన్ హాల్లో. ఆ పిల్ల చిన్నప్పట్నుంచీ "అత్తయ్యా అత్తయ్యా" అంటూ నా కుట్టుమిషను చుట్టూ తిరిగింది. ఆ రోజు తొడుక్కున్న జాకెట్టు కూడా నేనే కుట్టాను, నెలలు నిండుతున్నాయని చంకల్లో వదులుంచి మరీ. గాజులు మొదలయ్యాయి. నేను ముందుకెళ్ళేసరికి, ఆ పిల్ల అత్తగారి తరఫు పెద్దావిడ అడ్డమొచ్చింది.

"నువ్వు కాస్త భోజనాల దగ్గర చూడమ్మా. వడ్డించేవాళ్ళు చాల్లేదంట."

చనిపోయి నెల తిరక్కుండానే మేడం నా నోట్లోకి వచ్చి కూచున్నారేమో మరి. "భోజనాలు మా ఆయన చూస్తున్నాడండీ" అన్నాను.

"అది కాదమ్మా. కడుపు పండినవాళ్ళు వేస్తే శుభం."

"నా గాజు తగిలి లోపలి బిడ్డకేమవుతుందండీ? ఏ దారిన వెళ్తుందో చెప్పండి. బిడ్డ సంచిలో ఉమ్మనీరులో ఉంది. తిండి బొడ్డుతాడులోంచి వెళ్తోంది. మీ గాజు వెళ్ళని చోటికి నా గాజు ఎట్టా వెళ్తుంది?"

"అమ్మో, ఏం మాటలివి! అవతల మగవాళ్ళున్నారు!"

"వాళ్ళూ అక్కడ్నుంచి వచ్చినవాళ్ళేగా."

వెనక ఎవరో ఆడపిల్ల ఫక్కున నవ్వింది. పెద్దావిడకి మండింది. "ఒక్కణ్ణి కన్నా తెలిసేది నీకు. గొడ్డు కడుపుకి ఇంత నోరా?" అనేసింది. మైకులో పాట ఆగి ఉంది అప్పుడు. హాలంతా విన్నారు.

నాకు జవాబుంది. ఇన్నేళ్ళుగా నాలిక చివర ఉంది. కానీ ఆ జవాబు చెప్పాలంటే మా ఆయన్ని అందరి ముందూ నిలబెట్టాలి. ఆయన గుమ్మం దగ్గరే ఉన్నాడు, చేతిలో సాంబారు బకెట్టుతో, నన్నే చూస్తూ. ప్రేమతోనే మోశాను, నిజం. కానీ ఆ క్షణాన ఎంత బరువైపోయిందో! 

ముందు వరస కుర్చీలోంచి మా అత్తయ్య లేచింది. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడిచే మనిషి, ఏమీ పట్టుకోకుండా వచ్చింది.

"వదినగారూ, ఆ మాట నా కోడల్ని అనొద్దు. దానికి చూపించాం, ఏ లోపమూ లేదు. మా వాడికి చూపించాం. లోపం మా వాడిది. ఇది ఇన్నేళ్ళూ నోరు మూసుకుని పడింది, మేమూ పడనిచ్చాం. గేదెని అనేముందు దున్నని చూడమని ఒక పంతులమ్మ మా వాకిట్లోకొచ్చి చెబితే ఆ రోజు ఆవిణ్ణి పొమ్మన్నాను. బుద్ధి లేక అన్నాను. అది వేస్తుంది గాజులు. ముందు అదే వేస్తుంది."

నేను గుమ్మం వైపు చూడలేకపోయాను. బకెట్టు కింద పెట్టిన చప్పుడు వినపడింది. మా ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆడవాళ్ళ మధ్యలోంచి నడిచొచ్చాడు. మొహం కందిపోయి ఉంది. పెద్దావిడ ముందున్న గాజుల పళ్ళెం తీసి, నా ముందు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మ చెప్పింది నిజమే. తీసుకో" అన్నాడు, అందరికీ వినపడేలా.

మేనకోడలు చెయ్యి చాపింది. భయంతో పిడికిలి బిగించుకుని ఉంది. "వదులు చెయ్యవే, వేళ్ళు దగ్గరికి ముడుచుకో" అని ఆకుపచ్చ గాజులు ఒక్కోటీ ఎక్కించాను. ఒక్కటీ పగల్లేదు. తర్వాత దాని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, కంటి కింది రెప్ప బొటనవేలితో లాగి చూశాను. ఫొటో అతను "అక్కా, ఇటు చూసి నవ్వండి" అంటున్నాడు.

"ఉండవయ్యా" అన్నాను. రెప్ప లోపల ఎర్రగా ఉంది. రక్తం బాగానే ఉంది పిల్లకి.